సముద్రపు గడ్డిలో మన పద్దు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా జరిగిన మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17వ తేదీన మనం ఇలా కలుసుకున్నప్పుడల్లా 1982 నాటి నకారా తీర్పును తలచుకోవడం, ఆ తరువాత కరువు భృతి బకాయిల గురించీ, వైద్య ఖర్చుల బిల్లుల గురించీ మాట్లాడుకోవడం మనకు ఆనవాయితీ. ఆ సంగతులన్నీ నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. కార్యదర్శిగారు పది రోజుల కిందట నాకు ఫోను చేసి, "మాస్టారూ, ఈసారి మీరు పెన్షను గురించి చెప్పొద్దు. మనవలూ మనవరాళ్ళూ కూడా వస్తున్నారు. మీ సబ్జెక్టులోది ఏదైనా చెప్పండి" అన్నారు. నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకుని బతికినవాణ్ణి. కనుక ఒక మొక్క గురించే చెబుతాను. అయితే దానితోపాటు నేను చేసిన ఒక తప్పు గురించి కూడా చెప్పవలసి ఉంది.

ముందుగా ఒక ప్రశ్న. ఈ సభలో రామేశ్వరం వెళ్ళి వచ్చినవారు ఎందరు? ఒకసారి చేతులెత్తండి. సంతోషం. సగానికి పైగా సభ వెళ్ళి వచ్చిందన్నమాట.

నేను రిటైరైన మూడేళ్ళకు, 2014లో, మా ఆవిడతో కలిసి వెళ్ళాను. అందరిలాగే అగ్నితీర్థంలో మూడు మునకలు వేసి, గుడిలోని ఇరవై రెండు తీర్థాల నీళ్ళు పోయించుకోవడానికి బయలుదేరాం. మునిగిన బట్టలు సముద్రంలోనే వదిలేస్తే పీడ వదులుతుందని పక్కనున్న యాత్రికులెవరో అన్నారు. మా ఆవిడ ఒక పాత పాలియెస్టరు చీర, నేను ఒక టెరికాటన్ చొక్కా అక్కడే నీళ్ళలో వదిలాం. చుట్టూ అందరూ అదే చేస్తున్నారు. ముప్ఫై అయిదేళ్ళు మొక్కల గురించి పాఠాలు చెప్పిన మనిషిని, ఆ నీళ్ళ అడుగున ఏ మొక్క ఉందో తెలిసినవాణ్ణి, ఆ క్షణాన నాకు అది గుర్తే రాలేదు.

మర్నాడు తెల్లవారుజామున ఒడ్డున నడుస్తున్నాను. రాత్రి అలలు తెచ్చి పోసిన గడ్డి, ఎండి, గోధుమ రంగు చాపలాగా పరుచుకుని ఉంది. పాత అలవాటు కొద్దీ ఒక గుప్పెడు తీసి అరచేతిలో విడదీసి చూశాను. పోచల మధ్య ఎర్రవీ నీలివీ దారపు పోగులు, వల తాడు తునకలు, పాలిథిన్ సంచి ముక్కలు ఉన్నాయి. గడ్డిని లాగితే పోగులూ వచ్చాయి, పోగుల్ని లాగితే గడ్డి తెగింది. ఆ ఎర్ర పోగు మా ఆవిడ చీరదేనని నేననను. కాదని మాత్రం ఎలా అనగలను? ఈ ఉపన్యాసం ఆ గుప్పెడు గడ్డి దగ్గర మొదలైంది.

మనలో చాలామంది దాన్ని నాచు అనుకుంటారు. అది నాచు కాదు. నాచుకు వేరు ఉండదు, పువ్వు ఉండదు. సముద్రపు గడ్డికి వేరు ఉంటుంది, దుంపవేరు ఉంటుంది, ఆకు ఉంటుంది, నీళ్ళ అడుగునే పువ్వు పూసి కాయ కాస్తుంది. కోట్ల సంవత్సరాల కిందట నేల మీది మొక్కల్లో కొన్ని మళ్ళీ సముద్రంలోకి దిగాయి. వాటి సంతానమే ఇది. ప్రపంచం మొత్తం మీద వీటిలో సుమారు 70 జాతులు మాత్రమే ఉన్నాయి. మన దేశంలో 15 దాకా ఉన్నాయి. వాటిలో అత్యధిక భాగం రామేశ్వరం ద్వీపానికి ఉత్తరాన ఉన్న పాక్ అఖాతంలోనూ, దక్షిణాన ఉన్న మన్నార్ సింధుశాఖలోనూ పెరుగుతాయి. అక్కడ లోతు తక్కువ, అలల ఉధృతి తక్కువ, ఎండ అడుగుదాకా దిగుతుంది. గడ్డికి కావలసింది ఎండే కదా. మనకు దగ్గరలో పులికాట్ సరస్సులోనూ, ఒడిశాలోని చిలికాలోనూ కూడా ఈ గడ్డి ఉంది. పులికాట్‌లో ఎక్కువ భాగం మన రాష్ట్రంలోనిదేనని మీకు తెలుసు.

ఈ గడ్డి వల్ల ఏమిటి లాభం అని మీరు అడగవచ్చు. మొదటిది, రొయ్య పిల్లలకూ, పీతలకూ, అనేక రకాల చేప పిల్లలకూ అది పురిటిల్లు. పెద్ద చేపల కంటబడకుండా అవి ఆ పోచల మధ్య దాక్కుని పెరిగి, ఆ తరువాత సముద్రంలోకి పోతాయి. రెండవది, పచ్చ తాబేలుకూ, సముద్రపు ఆవు అని మనం పిలిచే డుగాంగ్‌కూ అది మేత. సముద్రపు ఆవు రోజుకు 40 కిలోల దాకా గడ్డి తింటుంది. మన దేశంలో ఇప్పుడు అవి సుమారు 240 మాత్రమే మిగిలాయని అంచనా. వాటిని కాపాడటానికే తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరులో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించింది. దేశంలో ఈ జంతువు కోసం ఏర్పాటైన మొదటి రక్షిత ప్రాంతం అదే. మూడవది, వాతావరణంలోని కర్బనాన్ని పట్టి బురదలో పూడ్చిపెట్టడం. ప్రపంచ సముద్రాల అడుగుభాగంలో ఈ గడ్డి ఉన్నది 0.2 శాతం కన్నా తక్కువ. కానీ సముద్రాలలో ఏటా పూడిపోయే కర్బనంలో దాదాపు 10 శాతం ఈ గడ్డి మైదానాల్లోనే పూడుతోందని లెక్క.

ఇంత పని చేసే మొక్క క్రమంగా తగ్గిపోతోంది. ప్రపంచవ్యాప్తంగా ఉన్న రికార్డులన్నీ పోల్చి చూసి 2009లో కొందరు శాస్త్రజ్ఞులు ఒక లెక్క ప్రకటించారు. దాని ప్రకారం 1879 నుంచి అప్పటిదాకా, తెలిసిన గడ్డి మైదానాల్లో 29 శాతం అంతరించిపోయాయి. మురుగునీరు, పూడిక తవ్వకాలు, అడుగును గీసుకుంటూపోయే ట్రాలర్ వలలు, వేడెక్కుతున్న నీళ్ళు, ఇవన్నీ కారణాలు. ఇప్పుడు వాటికి తోడు ప్లాస్టిక్ వచ్చింది.

ఇక సూక్ష్మ ప్లాస్టిక్ సంగతి. అయిదు మిల్లీమీటర్ల కన్నా చిన్నదైన ప్లాస్టిక్ తునకను అలా అంటారు. పెసరగింజంత మొదలుకొని కంటికి కనబడనంత చిన్నదాని దాకా ఏదైనా కావచ్చు. ఇంగ్లండులోని ప్లిమత్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ థాంప్సన్, ఆయన సహచరులు 2004లో సముద్ర తీరపు ఇసుకలోనూ నీటిలోనూ ఈ తునకలున్నాయని రాసి, ఆ పేరును వ్యాప్తిలోకి తెచ్చారు. సంచి, సీసా, వల, తాడు ఎండకు పెళుసెక్కి విరిగి విరిగి అలా అవుతాయి. బట్టలైతే ఎండలో విరగనక్కరలేదు, ఉతికినప్పుడే పోగులు ఊడతాయి. పాలిథిన్ సంచి చివికిపోయింది అని మనం అంటూంటాం. అది చివకలేదు. చిన్నదయింది, అంతే. జనపనార సంచి మట్టిలో పడితే మట్టవుతుంది. పాలిథిన్ సంచి మట్టిలో పడితే వెయ్యి తునకలవుతుంది.

ఈ తునకలు సముద్రంలో ఎక్కడికి పోతాయి? అవన్నీ నడిసముద్రంలో తేలుతూ ఉంటాయని చాలాకాలం అనుకున్నారు. చాలా భాగం తీరానికి దగ్గరలోనే దిగబడుతోందని ఇప్పుడు తెలుస్తోంది. అందులోనూ గడ్డి ఉన్నచోట దిగబడటానికి అవకాశం ఎక్కువ. దీనికి కారణం తేలికగా చెప్పవచ్చు. మన పల్లెల్లో కాలువ గట్టున తుంగ మొలిస్తే అక్కడ నీటి వేగం తగ్గి, ఒండ్రు పేరుకోవడం మీరు చూసే ఉంటారు. సముద్రపు గడ్డి చేసేదీ అదే. పోచలు నీటి ప్రవాహాన్ని నెమ్మదిపరుస్తాయి. నీటిలో తేలే బురద, దానితోపాటు ప్లాస్టిక్ తునకలు అడుగుకు దిగుతాయి. వేళ్ళు వాటిని కదలనీయకుండా పట్టి ఉంచుతాయి. ఇది కాక పోచల మీద నాచు, సూక్ష్మజీవులు కలిసి జిగురు పొరలాగా పెరుగుతాయి. దారపు పోగులు ఆ జిగురుకు అంటుకుని, క్రమంగా దానిలో కలిసిపోతాయి.

ఇది నా ఊహ కాదు. మూడు ఉదాహరణలు చెబుతాను.

మొదటిది మధ్య అమెరికాలోని బెలీజ్ అనే చిన్న దేశం. అక్కడ టర్నెఫ్ అనే పగడపు దీవుల దగ్గర థలాసియా అనే గడ్డి పోచలు కోసి సూక్ష్మదర్శిని కింద చూశారు. 2018లో ఫలితాలు ప్రకటించారు. చూసిన పోచల్లో 75 శాతం పోచలకు ప్లాస్టిక్ అంటుకుని ఉంది. అందులో ఎక్కువ భాగం దారపు పోగులే. ఈ థలాసియాకు స్వయానా చెల్లెలి వరస అయిన జాతి మన పాక్ అఖాతంలో పెరుగుతుంది.

రెండవది స్పెయిన్‌కు చెందిన మయోర్కా ద్వీపం. మధ్యధరా సముద్రంలో పొసిడోనియా అనే గడ్డి ఉంది. దాని మొదళ్ళ పీచు అలలకు దొర్లి దొర్లి కొబ్బరి పీచు ఉండల్లాగా చుట్టుకుని ఒడ్డుకు కొట్టుకొస్తుంది. 2018, 2019 సంవత్సరాల్లో నాలుగు తీరాల నుంచి ఆ ఉండల్నీ, రాలిన ఆకుల్నీ తెచ్చి విప్పి చూశారు. ఆకుల నమూనాల్లో సగానికి ప్లాస్టిక్ ఉంది. ఉండల్లో 17 శాతం వాటిలోనే ఉంది గాని, ఉన్నచోట చాలా దట్టంగా ఉంది, కిలో పీచుకు సుమారు 1,470 తునకల దాకా. 2021లో ఈ సంగతి బయటికి వచ్చినప్పుడు, "సముద్రాన్ని శుభ్రం చేస్తున్న గడ్డి" అని కొందరు సంతోషంగా రాశారు. నాకు ఆ సంతోషం పూర్తిగా కలగలేదు. ఇంట్లో అందరూ పారేసిన చెత్తను ఒక ముసలమ్మ కొంగులో మూట కట్టుకుంటే ఇల్లు శుభ్రమైందని సంబరపడతామా?

మూడవది మన ఉద్యోగులకు బాగా అర్థమయ్యే ఉదాహరణ. స్పెయిన్ దక్షిణ తీరంలో అల్మేరియా అనే ప్రాంతం ఉంది. అక్కడ వేల ఎకరాల్లో ప్లాస్టిక్ పట్టాల పందిళ్ళ కింద కూరగాయలు పండిస్తారు. ఆ తీరపు గడ్డి మైదానంలోకి గొట్టాలు దించి అడుగున ఉన్న బురదను పొరలు పొరలుగా తీసి, ఏ పొర ఏ సంవత్సరానిదో లెక్కగట్టారు. 2021లో ఆ ఫలితాలు వచ్చాయి. 1970ల మధ్యకాలం దాకా ఉన్న పొరల్లో ప్లాస్టిక్ జాడ దాదాపు లేదు. పందిళ్ళ వ్యవసాయం పెరిగిన కొద్దీ పై పొరల్లో ప్లాస్టిక్ పెరుగుతూ వచ్చింది. అంటే ఆ గడ్డి సంవత్సరాల వారీగా పద్దు రాసుకుంది. మన సర్వీసు రిజిస్టరులో ఇంక్రిమెంటు ఏ తేదీన పడిందో, సెలవు ఏ తేదీన పెట్టామో ఉన్నట్టే, అక్కడి మనుషులు ఎప్పుడు ఎంత పారేశారో ఆ బురదలో ఉంది. మన రిజిస్టరులో తప్పు పడితే దిద్దించుకోవడానికి పై అధికారికి అర్జీ పెట్టుకున్నాం. ఆ పద్దులో దిద్దుబాటు లేదు.

ఎందుకు లేదో చెబుతాను. నా ప్రసంగంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట ఇది ఒక్కటే. సముద్రపు ఒడ్డున పడ్డ సీసాను ఏరవచ్చు. తేలే సంచిని వలతో పట్టవచ్చు. కానీ గడ్డి వేళ్ళ మధ్య బురదలో కలిసిన పోగును, గడ్డిని పీకకుండా ఎవరూ తీయలేరు. నారుమడిలో పడ్డ గాజు పెంకుల్ని నారు పీకకుండా ఏరగలమా? గడ్డిని పీకితే దానితోపాటు రొయ్య పిల్లల పురిటిల్లూ పోతుంది, సముద్రపు ఆవు మేతా పోతుంది, పూడిన కర్బనమూ బయటపడుతుంది. కాబట్టి అక్కడికి చేరిన తరువాత చేసేదేమీ లేదు. చేరకముందు, ఒడ్డు మీద, మన ఇంట్లో, మన వీధిలో చేయవలసిందే.

దీనివల్ల నష్టం ఏమిటని అడిగేవారికి తెలిసినంతవరకు చెబుతాను, తెలిసినదానికి మించి భయపెట్టను. పోచల మీది జిగురు పొరను గీరి తినే నత్తలు, రొయ్యలు, చిన్న చేపలు ఆ పోగుల్ని కూడా మింగుతాయి. వాటిని తినే పెద్ద చేప వాటి కడుపులో ఉన్నదాన్ని కూడా మింగుతుంది. సముద్రపు ఆవు ఆకును కొరికి ఊరుకోదు, మొక్కను వేరుతో సహా పెకలించి తింటుంది. బురదలో ఉన్నది దాని నోటికి చేరక తప్పదు. గడ్డికి కూడా కష్టమే. ఇటలీలో 2017లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, మట్టిలో కలిసిపోతుందని అమ్మే రకం సంచుల్ని గడ్డి పెరిగే ఇసుకలో పాతిపెట్టారు. ఆరు నెలల తరువాత కూడా సంచి చాలావరకు అలాగే ఉంది. దాని కింద ఇసుకలో ప్రాణవాయువు తగ్గింది, గడ్డి పెరిగే తీరు మారింది. కనుక సంచి మీద పచ్చ ఆకు బొమ్మ ఉంది గదా అని కాలువలో పడేస్తే పుణ్యమేమీ రాదు.

"రామేశ్వరం దగ్గర గడ్డి సంగతి మనకెందుకు, అది వాళ్ళ రాష్ట్రం కదా" అని ఒక మిత్రుడు నిన్ననే అన్నారు. సముద్రానికి ఆ సరిహద్దు లేదు. మన తూర్పు తీరం వెంట సముద్ర ప్రవాహం ఏడాదికి రెండుసార్లు దిశ మార్చుకుంటుంది. వేసవికి ముందు నెలల్లో ఉత్తరంగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణంగా సాగుతుంది. ఆగస్టు, సెప్టెంబరు వరదల్లో గోదావరీ కృష్ణా మన ఊళ్ళ చెత్తను సముద్రానికి చేరుస్తాయి. ఆ వెనువెంటనే ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది. ఆ నీటిలో కొంత పాక్ జలసంధి గుండా లోపలి అఖాతంలోకి పోతుంది. అంటే మనం రామేశ్వరం వెళ్ళకపోయినా మన చెత్త వెళ్ళవచ్చు. పులికాట్ సంగతి చెప్పనక్కరలేదు, అది మన ఇంటి చెరువు.

ఇక్కడ మన తరం గురించి రెండు మాటలు చెప్పాలి. నేను పుట్టేనాటికి ఇంట్లో ప్లాస్టిక్ లేదు. పచారీ కొట్లో పప్పు కాగితం పొట్లంలో కట్టి పురికొసతో చుట్టేవారు. నూనెకు సీసా, కూరలకు గుడ్డ సంచీ మనమే తీసుకుపోయేవాళ్ళం. పెళ్ళి భోజనం విస్తరాకులో, మజ్జిగ మట్టి ముంతలో. తీరంలో బెస్తవారి వలలు నూలువి. వాటిని చెట్టు బెరడు కషాయంలో నానబెట్టి ఆరేసేవారు. నేను 1976లో ఉద్యోగంలో చేరిన రోజున మా నాన్నగారు టెరికాటన్ గుడ్డ కొనిచ్చారు. ఇస్త్రీ నలగదు, నాలుగేళ్ళు చినగదు అని మురిసిపోయాం. చినగకపోవడమే తరువాత చిక్కు అవుతుందని అప్పుడు ఎవరికి తెలుసు?

1950లో ప్రపంచం మొత్తం మీద ఏటా తయారైన ప్లాస్టిక్ సుమారు 20 లక్షల టన్నులు. 2015 నాటికి అది 38 కోట్ల టన్నులకు చేరింది. ఆ అరవై అయిదేళ్ళలో తయారైన మొత్తం 830 కోట్ల టన్నులు. దానిలో చెత్తగా మారినదాంట్లో తిరిగి వాడుకలోకి వచ్చింది 9 శాతం, కాల్చింది 12 శాతం, మిగిలిన 79 శాతం గుట్టల్లోనో, నేల మీదో, నీళ్ళలోనో పడి ఉంది. ఆ కాలం సరిగ్గా మన జీవితకాలం. మనకు ముందు తరంవారు దీన్ని చూడలేదు. మన తరువాతివారు ఇది లేని రోజుల్ని చూడలేదు. రెండూ చూసింది మనమే. కాబట్టి ఇది లేకుండా కూడా సంసారం నడుస్తుందని సాక్ష్యం చెప్పగలిగింది కూడా మనమే.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. సోదరీమణులు శ్రద్ధగా వినాలని మనవి, సోదరులు మరింత శ్రద్ధగా వినాలని మనవి, ఎందుకంటే రిటైరయ్యాక వాషింగ్ మెషీన్ వేసే పని చాలా ఇళ్ళలో మనకే వచ్చింది. ప్లిమత్ విశ్వవిద్యాలయంలోనే 2016లో ఒక ప్రయోగం చేశారు. ఆరు కిలోల అక్రిలిక్ బట్టలు ఒక్కసారి ఉతికితే ఏడు లక్షలకు పైగా పోగులు ఊడవచ్చునని తేలింది. పాలియెస్టరుకు దాదాపు అయిదు లక్షలు. నూలు కలిసిన పాలియెస్టరుకు లక్షా ముప్ఫై ఎనిమిది వేలు. ఈ నీళ్ళు మన ఇంటి తూములోంచి వీధి కాలువలోకి, అక్కడినుంచి ఏటికి, ఏటినుంచి సముద్రానికి పోతాయి. బట్ట ఒక్కసారి సముద్రంలో వదలడం తప్పని నేను ఇందాక ఒప్పుకున్నాను. ఇంట్లో ఉతికిన ప్రతిసారీ కొద్దికొద్దిగా వదులుతూనే ఉన్నామన్నది అంతకన్నా పెద్ద సంగతి.

అలాగని రేపటినుంచి అందరూ ఖద్దరే కట్టాలని నేననను. పెన్షను మీద బతికేవాళ్ళం, ఉన్న బట్టలు పారేసి కొత్తవి కొనమనడం అన్యాయం, అది మరింత చెత్త కూడా. చేయగలిగినవి కొన్ని చెబుతాను.

ఒకటి, మెషీన్‌ను నిండుగా వేసి తిప్పండి. కొద్ది బట్టలకు ఎక్కువ నీళ్ళు పోసి తిప్పితే పోగులు ఎక్కువ ఊడతాయని ప్రయోగాల్లో తేలింది. ఒకసారి కట్టి విప్పిన పాలియెస్టరు బట్టను మాసిందో లేదో చూడకుండా ఉతకవద్దు.

రెండు, మెషీన్ లోపల పీచు పట్టే చిన్న జాలీ సంచి ఉంటుంది. దాన్ని కుళాయి కింద కడిగితే పట్టిన పీచంతా మళ్ళీ కాలువలోకే పోతుంది. ఆరిన తరువాత పీచును చేత్తో తీసి చెత్తబుట్టలో వేయండి. మా ఇంట్లో నేను పన్నెండేళ్ళు కుళాయి కిందే కడిగాను.

మూడు, కొత్తగా కొనేటప్పుడు, ముఖ్యంగా రోజూ ఉతికే లుంగీలు, తువ్వాళ్ళు, దుప్పట్లు, నైటీలు నూలువి కొనండి.

నాలుగు, సంచి. దేశమంతటా 2021 సెప్టెంబరు 30 నుంచి 75 మైక్రాన్ల కన్నా, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచుల్ని నిషేధించారు. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, కప్పులు, ప్లేట్లు, చెంచాల వంటివి కూడా నిషిద్ధం. చట్టం పుస్తకంలో ఉంది, పలుచని సంచి మార్కెట్లోనూ ఉంది. కొట్టువాడు ఇస్తే "వద్దు బాబూ, సంచి తెచ్చాను" అనడానికి మనకు జీవో అక్కర్లేదు. మన సంఘం సమావేశాల్లో ఇకమీదట టిఫిను విస్తరాకుల్లో, మంచినీళ్ళు స్టీలు గ్లాసుల్లో పెట్టాలని నేను ఈ వేదిక నుంచి ప్రతిపాదిస్తున్నాను. గ్లాసులు కడగడానికి నేను సిద్ధం.

అయిదు, తీర్థయాత్రలు. ఏటా మన సంఘం తరఫున బస్సు వేసుకుని వెళుతున్నాం. పుష్కరాలకు గోదావరికైనా, కార్తీకానికి కృష్ణకైనా, రామేశ్వరానికైనా, కట్టిన బట్టతో మునిగి ఆ తడి బట్టను సంచిలో పెట్టి వెనక్కి తెచ్చుకుందాం. వదిలితీరాలని నమ్మకం ఉన్నవారు ఒక చిన్న నూలు గుడ్డ వదలండి, అదైనా చివికిపోతుంది. దీపాలు అరటి దొప్పల్లో వదలండి, థర్మోకోల్ దొప్పల్లో వద్దు. నదిని తల్లి అంటాం, సముద్రాన్ని తండ్రి అంటాం, వారి ఒళ్ళో వేసేది ఏమిటో ఒకసారి చూసుకుందాం.

ఇవన్నీ చిన్న పనులు. వీటితోనే సముద్రం బాగుపడిపోతుందని నేను చెప్పను. ఫ్యాక్టరీలు, మునిసిపాలిటీలు, ప్రభుత్వాలు చేయవలసినది చాలా ఉంది. అడిగి చేయించడం మన సంఘానికి కొత్త కాదు. చేసినచోట ఫలితమూ ఉంది. కేరళలో కొల్లం దగ్గర నీండకర రేవులో 2017 నుంచి వలల్లో పడ్డ ప్లాస్టిక్‌ను తిరిగి సముద్రంలో వేయకుండా బెస్తవారే ఒడ్డుకు తెచ్చారు. దాన్ని తునకలు చేసి రోడ్లలో వాడారు. పాక్ అఖాతంలో గడ్డి పోయినచోట మళ్ళీ నాటుతున్నారు. వెదురు చట్రాలకు కొబ్బరి తాళ్ళు కట్టి, ఆ తాళ్ళకు గడ్డి మొలకలు బిగించి నీటి అడుగున దించుతారు. వెదురు, కొబ్బరి తాడు కొంతకాలానికి చివికిపోతాయి, గడ్డి వేరు పట్టి నిలుస్తుంది. ఈ సంగతి చదివినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. మన తాతల నాటి కొబ్బరి తాడు మళ్ళీ పనికి వచ్చింది కదా!

ఐక్యరాజ్యసమితి 2022లో తీర్మానం చేసి, మార్చి 1వ తేదీని ప్రపంచ సముద్రపు గడ్డి దినంగా నిర్ణయించింది. మార్చి అంటే మనకు బడ్జెట్టు, ఆదాయపు పన్ను లెక్కలే గుర్తుంటాయి. వచ్చే మార్చి 1న మనవల్ని దగ్గర కూర్చోబెట్టుకుని ఈ గడ్డి కథ చెప్పండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పలేకపోతే నాకు ఫోను చేయండి.

చివరిగా, నా తప్పు సంగతి. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు వచ్చాయి గాని, మళ్ళీ ఒకసారి రామేశ్వరం తీసుకువెళ్ళమంటోంది. వచ్చే మాఘమాసంలో వెళదామనుకుంటున్నాం. ఈసారి ఇద్దరికీ నేత చీర, నేత పంచె సర్దమన్నాను. మునిగిన తరువాత అవి మాతోపాటే ఇంటికి వస్తాయి. 2014లో నేను వదిలిన చొక్కా మాత్రం తిరిగి రాదు. అది ఇప్పటికి వేల పోగులై, ఆ గడ్డి వేళ్ళ దగ్గర ఏదో ఒక పొరలో ఉండి ఉంటుంది. ఆ పొర మీద వచ్చే పొరల్లో నా పేరున కొత్త పద్దు పడకుండా చూసుకోవడమే ఇక నా చేతిలో ఉన్నది. మీ చేతిలోనూ అదే ఉంది.